‘ఇన్ ట్రస్ట్’ అంటే ఎవరి కొరకు?

ఇంగ్లీషు పత్రాలలో, ప్రసంగాలలో ‘హోల్డ్ ఇన్ ట్రస్ట్’ అనే మాట మీకు తరచుగా కనబడుతుంది. ‘నమ్మకంతో ఉంచుకోవడం’ అని చాలామంది తెలుగు చేస్తారు. అది సగం అర్థమే. ఆస్తి నా పేరున ఉంటుంది, సంతకం నాదే, కాని దాని ఫలం మరొకరిది. ఇదీ ఆ మాటలోని సంగతి. దాని వెనుక ‘ఫర్’ అనే చిన్న మాట వచ్చిందేమో చూడండి. ‘ఫర్ ది చిల్డ్రన్’ అని ఉంటే ఆ సొమ్ము పిల్లలది. ‘ట్రస్ట్ ఇన్’ అన్నది వేరు; దానికి ఒకరిని నమ్ముకొనుట అని అర్థం.

మధ్యయుగాల ఇంగ్లండులో ఒక మనిషి తన భార్యాబిడ్డల మేలు కొరకు భూమిని స్నేహితుని పేర రాసి ఇచ్చేవాడు. ఆ స్నేహితుడు మాట తప్పితే? మామూలు కోర్టు పత్రంలో ఉన్న పేరునే చూసేది. అందుకని దిక్కులేనివారు రాజుకు మొరపెట్టుకునేవారు. ఆ మొరలను ఛాన్సలర్ విని, మనస్సాక్షిని బట్టి తీర్పు చెప్పేవాడు. ఆ కాలపు ఛాన్సలర్లలో ఎక్కువమంది బిషప్పులే లెండి!

1726లో జరిగిన ఒక వ్యాజ్యం వినండి. లండన్ దగ్గర రామ్‌ఫర్డ్ సంత కౌలును ఒక ట్రస్టీ ఒక పసివాని కొరకు చూస్తున్నాడు. గడువు తీరింది. పిల్లవాని పేర మళ్లీ కౌలు ఇవ్వనని యజమాని ఖండితంగా చెప్పాడు. అప్పుడు ట్రస్టీ దానిని తన పేరున తీసుకున్నాడు. ఇందులో మోసమేముంది, పిల్లవానికి ఎలాగూ రాదు కదా అంటారా? నాకూ మొదట అలాగే అనిపిస్తుంది. కాని ఛాన్సలర్ లార్డ్ కింగ్ ఒప్పుకోలేదు. లోకంలో ఎవరు తీసుకున్నా ఫరవాలేదు గాని ఆ ట్రస్టీ మాత్రం తీసుకోకూడదన్నాడు. కౌలును, వచ్చిన లాభాన్ని పిల్లవానికి అప్పగించవలసి వచ్చింది. ఈ విషయంలో సడలిస్తే, పిల్లల పేర కౌలు పొడిగించడానికి ఏ ట్రస్టీ గట్టిగా ప్రయత్నిస్తాడు?

మన దేశంలో ప్రైవేటు ట్రస్టులకు 1882 నాటి చట్టం ఉంది. ట్రస్టు ఆస్తిని ట్రస్టీ సొంత లాభానికి వాడుకోరాదని దాని 51వ సెక్షను చెబుతుంది. పత్రంలో గాని ఒప్పందంలో గాని లేకపోతే, పడిన శ్రమకు జీతం అడిగే హక్కు కూడా అతనికి లేదు. ఆ పని మీద న్యాయంగా పెట్టిన ఖర్చులు మాత్రం ఆ ఆస్తిలోనుండి తీసుకోవచ్చు.