మండువా ఇల్లు చల్లగా ఎందుకుంటుంది?

వేసవి సెలవుల్లో గోదావరి జిల్లాల్లోని పాత మండువా ఇంటికి ఎప్పుడైనా వెళ్లారా? బయట ఎండ మాడ్చేస్తున్నా, లోపల అడుగుపెట్టగానే ప్రాణం లేచొస్తుంది. ఏసీ లేకుండా ఎలా?

ముందు మన ఒంటి సంగతి చూద్దాం. ఒంట్లో వేడి దాదాపు 37 డిగ్రీలు. చర్మం అంతకంటే కొంచెం చల్లగా ఉంటుంది. చెమట ఆరుతూ చర్మం నుంచి వేడిని లాక్కుపోతుంది. గాలి ఆడితే చెమట త్వరగా ఆరుతుంది. అందుకే ఫ్యాను గదిని చల్లబరచకపోయినా మనల్ని చల్లబరుస్తుంది. కోస్తాలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఓ పట్టాన ఆరదు, ఉక్కపోస్తుంది. అక్కడ గాలి ఆడటమే ముఖ్యం.

ఇక ఇల్లు. నడుమ ఆకాశం కనిపించే ఖాళీ జాగానే మండువా. వాన పడితే నీళ్లు అందులోకే జారుతాయి. వేడిగాలి తేలిక కదా, అందులోంచి పైకి పోతుంది. దాని చోటులోకి గుమ్మాలు, కిటికీల్లోంచి వేరే గాలి వస్తుంది. కిందికి వాలిన చూరు గోడల మీద ఎండ పడనివ్వదు. మందపాటి గోడలు పగటి వేడిని మెల్లగా పీల్చుకుని, రాత్రి వదిలేస్తాయి.

మరి వడగాలి వీస్తే? 40 డిగ్రీలు దాటిన గాలి ఒంటికి వేడినే మోసుకొస్తుంది. అందుకే అమ్మమ్మ మధ్యాహ్నం కిటికీలు మూసి, పొద్దు వాలాక తీస్తుంది.

నమ్మకం కుదరలేదా? ఒక చెయ్యి తడిపి, రెండు చేతుల మీదా ఊదండి. ఏది చల్లగా ఉందో మీకే తెలుస్తుంది!