తలారి నుంచి ఠాణా దాకా: గ్రామరక్షణ, నేరాల రేటు – అల్వాల్ నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఒక గ్రామం సురక్షితమైనదా కాదా అన్న ప్రశ్నకు నేడు నేరాల రేటు ప్రమాణంగా నిలుస్తున్నది. చిన్న గ్రామం విషయంలో ఈ ప్రమాణం ఎక్కడ పనిచేయదో, పోలీసు వ్యవస్థకు పూర్వం తెలుగు గ్రామం తన రక్షణను ఏ విధంగా, ఎవరి శ్రమతో నిర్వహించుకున్నదో ఈ వ్యాసం వివరిస్తుంది. గ్రామం నుంచి పురపాలక సంఘంగా, ఆపై మహానగర భాగంగా మారిన అల్వాల్ ఇందుకు నేపథ్యం.

కీలకపదాలు: తలారి, సేత్‌సింది, పోలీస్ పటేల్, నేరాల రేటు, బొండకొయ్య, అల్వాల్.

ఉపోద్ఘాతం

సికింద్రాబాద్‌కు ఉత్తరాన ఉన్న అల్వాల్‌ను నేడు గ్రామమని ఎవరూ అనరు. అయినా పాత అల్వాల్, మచ్చబొల్లారం, లోతుకుంట, వెంకటాపురం అన్న పేర్లు పక్కపక్కన ఉన్న ఊళ్ల జాడను ఇంకా మోస్తున్నాయి. ఈ ఊళ్లను ఆనుకొని తిరుమలగిరి, బొల్లారం సైనిక స్థావరాలు ఉండేవి. నిజాం రాజ్యంలో గ్రామాలు నిజాం అధికారుల కింద, కంటోన్మెంటు ప్రాంతం బ్రిటిష్ రెసిడెంటు అధికారం కింద ఉండడం వల్ల ఇక్కడ పొలిమేర దాటితే చట్టమే మారేది. దొంగకు ఇది ఎంత అనుకూలమో, దొంగను వెంబడించేవాడికి అంత ప్రతికూలం. స్వాతంత్ర్యానంతరం ఈ ప్రాంతం హైదరాబాద్ జిల్లాలోను, 1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లాలోను ఉండి, 2016 అక్టోబర్ 11న మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో చేరింది. 2007 ఏప్రిల్‌లో పన్నెండు పురపాలక సంఘాలను కలిపి బృహత్ హైదరాబాద్ మహానగర పాలక సంస్థను ఏర్పరచినప్పుడు వాటిలో అల్వాల్ ఒకటి. అంతకు నాలుగేళ్ల ముందే, 2003లో, నగరం చుట్టూ ఉన్న ప్రాంతాలకు సైబరాబాద్ పోలీస్ కమిషనరేట్ ఏర్పడింది.

గ్రామరక్షణ వ్యవస్థ ఒక తరం కాలంలోనే ఎట్లా మారిపోతుందో చూడడానికి ఇటువంటి స్థలం అనువైనది.

చిన్న ఊరికి పెద్ద కొలమానం

నేరాల రేటు అంటే లక్ష జనాభాకు ఒక సంవత్సరంలో నమోదైన నేరాల సంఖ్య. దేశవ్యాప్తంగా ఈ లెక్కలు ‘క్రైమ్ ఇన్ ఇండియా’ పేరుతో 1953 సంవత్సరం నుంచి వెలువడుతున్నాయి. 1986లో ఏర్పడిన జాతీయ నేర నమోదు సంస్థ ఇప్పుడు వాటిని ప్రచురిస్తున్నది. 2022 సంవత్సరానికి దేశంలో హత్యల రేటు లక్షకు 2.1.

ఈ రేటును 1,200 మంది ఉన్న ఒక పల్లెకు వర్తింపజేసి చూస్తే చిక్కు తెలుస్తుంది. జాతీయ సగటు ప్రకారం ఆ ఊరిలో దాదాపు 40 ఏళ్లకు ఒక హత్య జరగాలి. ఏదో ఒక ఏడు గట్టు తగాదాలో ఒకరు చనిపోతే, ఆ ఏటి రేటు లక్షకు 83 దాటుతుంది. దేశ సగటుకు సుమారు నలభై రెట్లు. మరుసటి ఏడు అది సున్నా. ఊరు ఒక ఏడు భయంకరంగా, మరుసటి ఏడు స్వర్గంగా మారలేదు. కొలమానమే ఆ ఊరికి పెద్దది. లక్ష అన్న హారం నగరానికి, జిల్లాకు తగినది. పైగా వార్షిక నివేదికలో 20 లక్షలకు పైబడిన జనాభా గల మహానగరాలకు ప్రత్యేక పట్టికలు ఉంటాయి కాని గ్రామాలకు ఉండవు. హైదరాబాద్ ఆ పట్టికలలో కనిపిస్తుంది. పల్లె తన జిల్లా మొత్తంలో కలిసిపోతుంది.

మరి రెండు సంగతులు. ఒకే ఘటనలో పలు నేరాలు ఉంటే అన్నింటిలోకి పెద్దదాన్నే లెక్కిస్తారు. ఒక స్త్రీని హింసించి చంపిన ఘటన హత్య కింద చేరుతుంది. అంతకుముందు ఏళ్ల తరబడి సాగిన హింస పట్టికకు ఎక్కదు. రెండవది, 2011 తరువాతి జనాభాను అంచనాల ద్వారానే లెక్కగట్టడం. అల్వాల్ వంటి శివారులో, కొత్త కాలనీలు ఏటా వెలుస్తున్నచోట, పాత హారాన్ని పట్టుకొని స్థానిక రేటును గణిస్తే నేరం పెరిగినట్టు కనిపిస్తుంది. పెరిగింది మనుషులు కావచ్చు. నమోదు పెరగడం, నేరం పెరగడం ఒకటి కావని సంస్థ తన నివేదికల్లోనే హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను పత్రికల శీర్షికలు సాధారణంగా వదిలేస్తాయి.

తలారి, జాడ, దండుగ

పోలీసు ఠాణా లేని కాలంలో ఊరి రక్షణ ఆయగాండ్ర వ్యవస్థలో భాగం. రెడ్డి, కరణంతో పాటు తలారికి కూడా ఊరిలో స్థానం, మాన్యం, కళ్లంలో ధాన్యపు మేర ఉండేవి. ఈ పదం ప్రాచీనమైనది. నాగార్జునకొండ ఇక్ష్వాకు శాసనాల్లో కనిపించే ‘మహాతలవర’ బిరుదుకూ తలవరి, తలారి రూపాలకూ సంబంధాన్ని పండితులు చర్చించారు. ఆ సంబంధాన్ని అంగీకరిస్తే, రాజబంధువులు ధరించిన ఒక ఉన్నత బిరుదు కాలక్రమంలో ఊరి చివర గుడిసెలో ఉండే సేవకుడి పేరుగా దిగివచ్చిందని చెప్పాలి. అర్థసంకోచానికీ, అర్థాపకర్షకూ భాషాశాస్త్ర పాఠాల్లో ఇచ్చే ఉదాహరణల కంటె ఇది ఆసక్తికరమైనది. కథల్లో అతడే రాజాజ్ఞ మేరకు నేరస్థుణ్ణి వధ్యస్థానానికి తీసుకుపోయే వాడు.

తెలంగాణ పల్లెల్లో ఈ పనులు మరికొన్ని పేర్ల కింద విడిపోయాయి. మాలీ పటేల్ శిస్తు చూస్తే, పోలీస్ పటేల్ నేరాల సంగతి పై అధికారికి తెలిపేవాడు. పట్వారీ లెక్కలు రాసేవాడు. వీరి కింద సేత్‌సింది, మస్కూరి, సుంకరి, నీరడి పనిచేసేవారు. కబురు మోయడం, దండోరా వేయడం, రాత్రి కావలి, కొత్త మనిషి వస్తే పటేలుకు తెలపడం వీరి వంతు.

ఈ వ్యవస్థకు ఒక న్యాయసూత్రం ఉంది: నష్టానికి ఊరే బాధ్యత వహించాలి. కౌటిల్యుని అర్థశాస్త్రం, యాజ్ఞవల్క్య స్మృతి రెండూ దీన్ని చెప్పాయి. దొంగ అడుగులు ఊరి పొలిమేర దాటి బయటికి పోయినట్టు చూపలేకపోతే గ్రామాధికారి జవాబు చెప్పాలి; ఊళ్ల మధ్య దారిలో జరిగితే ఆ దారిని కాచే అధికారి చెప్పాలి. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను 13వ శతాబ్దంలో కేతన తెలుగులోకి తెచ్చాడు. దశకుమారచరిత్రలో చోరవిద్యా నిపుణుడైన అపహారవర్మ కథను తెలుగు చేసిన కవీ ఆయనే కావడం విశేషం. చోరుణ్ణి కథానాయకుడిగా చూపిన కలమే చోరశిక్షను కూడా రాసింది.

అడుగులు పొలిమేర దాటినట్టు చూపడమంటే జాడ తీయడం. తలారి నైపుణ్యమంతా ఇక్కడే ఉంది. ఎవరి నడక ఎటువంటిది, ఏ ఎద్దు గిట్ట అరిగింది, ఏ చెప్పు ఎవరు కుట్టింది అన్న ఎరుక అతడికి కావాలి. జాడ పక్క ఊరి పొలిమేరను చేరితే బాధ్యత ఆ ఊరి తలారి మీదికి పోతుంది. నేడు సాహిత్య విమర్శలో ‘అడుగుజాడ’ అనుసరణకు పర్యాయం; పల్లెలో అది సాక్ష్యం.

ఇటువంటి మరో పదం ‘దండుగ’. పెద్దమనుషుల పంచాయితీ విధించే జరిమానా దాని పూర్వార్థం. ‘తప్పు కట్టడం’ అన్నదీ అదే. వ్యర్థమైన ఖర్చు అన్న నేటి అర్థం, ఆ జరిమానా కట్టిన వారి వైపు నుంచి పుట్టినట్టు తోస్తుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడనే సామెత, కంచే చేను మేసిందన్న సామెత కూడా ఈ వ్యవస్థను లోపలినుంచి ఎరిగిన వారి మాటలే. రక్షకుడి మీద అనుమానం పోలీసులతో పుట్టినది కాదు.

రక్షణ ఎవరికి?

పాత గ్రామాన్ని గురించి రాసేటప్పుడు ఒక సౌమ్యమైన చిత్రం వైపు మొగ్గడం తేలిక: అందరికీ అందరూ తెలుసు, తలుపులకు తాళాలు లేవు, నేరాలు లేవు. ఈ చిత్రాన్ని చట్టాలే ఖండిస్తాయి.

మద్రాసు రాజధానిలో థామస్ మన్రో సంస్కరణల్లో భాగంగా వచ్చిన 1816 నాటి 11వ రెగ్యులేషన్ గ్రామ పెద్దను, తలారిని పోలీసు వ్యవస్థలో అధికారికంగా చేర్చింది. చిన్న తిట్లు, కొట్లాటల కేసుల్లో దోషిని 12 గంటలకు మించకుండా చావడిలో నిర్బంధించే అధికారాన్ని గ్రామ పెద్దకు ఇచ్చింది. అదే నిబంధన, దోషి ‘తక్కువ కులం’ వాడైతే నిర్బంధానికి బదులు 6 గంటల వరకు బొండకొయ్యలో బిగించవచ్చునని చెప్పింది. తప్పు ఒకటే. ఒకడు చావడిలో కూర్చుంటాడు. మరొకడు కాళ్లు కొయ్యలో ఇరికించుకొని ఊరందరి ముందు పడి ఉంటాడు. గ్రామరక్షణలో కులం ఆచారంగా మాత్రమే కాక లిఖిత శాసనంగా నిలిచిన సందర్భమిది.

1871 నాటి నేరస్థ జాతుల చట్టం, 1911లో మద్రాసు రాజధానికి కూడా విస్తరించి, కొన్ని సమూహాలను పుట్టుకతోనే నేరస్థులుగా ప్రకటించింది. వారి కదలికలను తెలపడం గ్రామాధికారుల, కావలివారి విధి అయింది. బాపట్ల సమీపాన 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఎరుకల కోసం ఏర్పడిన ఆవాసానికి మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. స్టువర్టుపురం పేరును శీర్షికలో పెట్టుకున్న రెండు తెలుగు చలనచిత్రాలు 1991లో, అంటే చట్టం పోయిన నలభై ఏళ్లకు వచ్చాయి. ఒక ఊరి నేరాల రేటు ఎంతైనా కావచ్చు, ఆ ఊరి పేరు చెప్పి ఉద్యోగం అడగవలసిన యువకుడికి దానితో పని లేదు.

నిజాం తెలంగాణలో సేత్‌సింది పని వెట్టిలో భాగం. పోలీస్ పటేల్ నివేదిక దొర గడీకి వ్యతిరేకంగా రాయబడే అవకాశం స్వల్పం. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ నవల ఈ గ్రామాధికార యంత్రాంగాన్ని చిత్రించింది. గడీలో జరిగిన హింస ఏ ఠాణా పుస్తకంలోను నేరంగా నమోదు కాకపోతే, ఆ ఊరు లెక్కల ప్రకారం శాంతియుతమైనదే.

స్వాతంత్ర్యం తరువాత కూడా ఈ శాంతి స్వభావం మారలేదనడానికి రెండు పేర్లు చాలు. 1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు దళితులు హత్యకు గురయ్యారు. మంచినీటి చెరువును మురికి చేయడాన్ని ప్రశ్నించడంతో వివాదం మొదలైంది. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులు హతులయ్యారు. ఈ కేసు విచారణకు ప్రత్యేక న్యాయస్థానాన్ని చుండూరులోనే ఏర్పాటు చేశారు. 2007లో అది 21 మందికి యావజ్జీవ శిక్ష విధించింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసింది. ఈ రెండు ఊళ్లలోనూ హత్యలకు ముందరి ఏళ్ల అవమానం, బెదిరింపు ఏ రేటుకు అందే విషయాలు కావు.

అధికారులు పోయారు, సేవకులు మిగిలారు

1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా కరణం, మునసబు, పటేల్, పట్వారీ వంటి పార్ట్‌టైమ్ గ్రామాధికారుల పదవులను రద్దు చేసింది. సుప్రీంకోర్టు 1985లో దాన్ని సమర్థించింది. వంశపారంపర్య పెత్తనం చట్టరీత్యా ముగిసింది. అయితే గ్రామ సేవకులు మిగిలారు. తరువాతి కాలంలో గ్రామ రెవెన్యూ సహాయకులుగా పేరు మార్చుకున్నారు. తెలంగాణ 2020లో గ్రామ రెవెన్యూ అధికారి పదవిని రద్దు చేసి, 2023లో ఈ సహాయకులను వివిధ శాఖల్లో సర్దుబాటు చేసింది. వారితో తలారి, సేత్‌సింది, నీరడి పరంపరకు పాలనాపరంగా తెరపడింది. అణచివేత పోయింది, మంచిదే. దానితోపాటు పోయిన జాడజ్ఞానాన్ని, పొలిమేరల ఎరుకను ఎవరూ రాసిపెట్టుకోలేదు.

పొలిమేర చెరిగిన అల్వాల్‌లో

ఠాణాకూ ఊరికీ మధ్య ఏర్పడిన ఈ ఖాళీని పూరించడానికి సామాజిక పోలీసింగు పథకాలు వచ్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ‘మైత్రి’, 2014 అక్టోబర్ 24న హైదరాబాద్‌లో మొదలైన షీ టీమ్స్, ప్రజల విరాళాలతో కెమెరాలు పెట్టించే ‘నేను సైతం’ అటువంటివి. శ్రీశ్రీ కవితలోని మాట కెమెరా పథకానికి పేరు కావడం తెలుగు అధ్యాపకులకు విచిత్రంగా తోచవచ్చు. 2013 నాటి ప్రజా భద్రతా చట్టం జనం గుమికూడే వ్యాపార సంస్థలకు ఇటువంటి ఏర్పాట్లను విధిగా చేసింది.

అల్వాల్ వంటి ప్రాంతంలోని కాలనీలకు కెమెరాతోపాటు మరొక రక్షకుడు ఉన్నాడు: వాచ్‌మన్. పల్లె వదిలి వచ్చిన కుటుంబం, మెట్ల కింద ఒక గది, నెలజీతం, భార్యకు ఆ భవనంలోని ఇళ్లలో పాచిపని. కొత్త మనిషి వస్తే ఆపి అడగడం, రాత్రి మేలుకొని ఉండడం, నీటి మోటారు వేయడం అతడి పనులు. తలారి, నీరడి ఇద్దరి బాధ్యతలూ ఒకే మనిషి మీదికి వచ్చాయని చెప్పవచ్చు. తేడా ఒకటుంది. తలారికి మాన్యం, ఊరిలో లెక్కకు వచ్చే స్థానం ఉండేవి. వాచ్‌మన్ ఏ నెలైనా వెళ్లిపోవలసినవాడు. ఇంట్లో బంగారం పోయిన రోజు మొదటి ప్రశ్న అతడికే ఎదురవుతుంది. 1816 నుంచి ఈ ఒక్క వరుస మాత్రం మారలేదు.

నేరం స్వరూపమూ మారింది. ఫోనులో వచ్చే మాటకు బ్యాంకు ఖాతా ఖాళీ అయ్యేచోట జాడ తీయడానికి పొలిమేర లేదు. 1930 నంబరుకు ఎంత త్వరగా ఫోను చేశారన్నదే ముఖ్యం. స్త్రీలపై నేరాల్లో భర్త, అతని బంధువుల క్రూరత్వానిదే దేశంలో అతిపెద్ద వాటా. దీన్ని కెమెరా చూడలేదు. వాచ్‌మన్ విన్నా చెప్పడు.

ఈ మార్పును అధ్యయనం చేయదలచిన తెలుగు పరిశోధకులకు ఒక వనరు ఇప్పుడు అందుబాటులో ఉంది. సున్నితమైన కేసులను మినహాయించి ప్రథమ సమాచార నివేదికలను 24 గంటల్లో అంతర్జాలంలో ఉంచాలని సుప్రీంకోర్టు 2016 సెప్టెంబర్‌లో ఆదేశించింది. అంతర్జాల అనుసంధానం సరిగా లేనిచోట గడువును 48 గంటలకు, కొన్ని దుర్గమ ప్రాంతాలకు 72 గంటలకు పెంచింది. వాటిలో తెలుగులో రాసినవి ఉన్నాయి. ఫిర్యాది, పంచనామా, దర్యాప్తు, ముద్దాయి వంటి అరబీ, పారసీ మూలపదాల నడుమ బాధితుడు చెప్పిన మాట ఎంత మిగిలింది, రాసే కానిస్టేబులు భాషలోకి అది ఎట్లా మారింది, ‘ఊరు’, ‘కాలనీ’, ‘బస్తీ’ అన్న మాటలు ఎవరి నివాసాన్ని సూచించడానికి వాడారు అన్నవి ఈ నివేదికలలో పరిశీలించదగిన అంశాలు. పాత అల్వాల్, మచ్చబొల్లారం వృద్ధుల నుంచి కావలి, జాడ, పొలిమేరలకు సంబంధించిన పదజాలాన్ని సేకరించి వీటి పక్కన ఉంచితే, పట్టికలు చెప్పని గ్రామరక్షణ చరిత్రకు ఆధారం దొరుకుతుంది. ఆ పదాలు తెలిసిన తరం వయసు ఇప్పటికే ఎనభై దాటింది.