నూటికి ఎంతప్పా?

బ్యాంకు శాతాల్లో మాట్లాడుతుంది. ఊరు రూపాయల్లో వడ్డీ కడుతుంది. వాతావరణ శాఖ మిల్లీమీటర్లు చెబుతుంది. సేద్యగాడు పదును చూస్తాడు. ఆర్థికశాస్త్రం జనానికి ఎక్కడం లేదని బాధపడే ముందు, అది ఏ కొలతలో చెబుతున్నామో ఒకసారి శ్రీ సత్యసాయి జిల్లా నల్లమాడ వైపు నుంచి చూద్దాం.

నల్లమాడ ప్రాంతంలో అప్పు మాట వస్తే మొదట పడే ప్రశ్న ఒకటే: "ఎన్ని రూపాయలకు తెచ్చినావప్పా?" కొత్తగా వినేవాళ్ళు ఎంత అప్పు చేశావని అడుగుతున్నారనుకుంటారు. కాదు, అడుగుతున్నది వడ్డీ. "రెండు రూపాయలు" అంటే నూటికి నెలకు రెండు రూపాయలు. అది మామూలే. "మూడు" అంటే విన్నవాళ్ళు పెదవి విరుస్తారు. "అయిదు" అంటే ఇక ఏమీ అడగరు. ఆ ఇంటికి ఏదో ఆపద వచ్చిందని వాళ్ళకు అర్థమైపోతుంది.

ఆ ఒక్క మాటలో అసలు ఉంది, కాలం ఉంది. ఇచ్చేవాడికి తీసుకునేవాడి మీద ఎంత నమ్మకముందో కూడా ఉంది. అదే మనిషి బ్యాంకు మెట్లెక్కితే "సంవత్సరానికి 7 శాతం" అంటారు. చెవికి రెండు కంటే ఏడు పెద్దది. లెక్కకొస్తే రెండు రూపాయల వడ్డీ ఏడాదికి 24 శాతం. బ్యాంకు వారి ఏడు శాతం నూటికి నెలకు 58 పైసలే. గడువులోగా కట్టినవారికి కేంద్రం ఇచ్చే మూడు శాతం రాయితీ కూడా దక్కితే పంటరుణం 4 శాతానికి, అంటే నూటికి నెలకు 33 పైసలకు పడుతుంది. ఈ లెక్క ఎవరూ దాచలేదు. కానీ బ్యాంకు గోడ మీద అది పైసల్లో రాసి ఉండదు.

2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చేదాకా నల్లమాడ అనంతపురం జిల్లాలోది. ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల ప్రాంతం. ఎర్రనేల, చెనిక్కాయ, ఆకాశం. ఈ మూడింటితో బతికే మనిషికి లెక్క రాదనుకోవడం అమాయకత్వం. లెక్క రాకపోతే ఇక్కడ ఒక్క కారు కూడా గడవదు. రావాల్సిందల్లా ఒక కొలత నుంచి ఇంకో కొలతకు మారకం.

పావలా చెప్పిన పాఠం

ఆ మారకం తెలుగునాట ఒకసారి బ్రహ్మాండంగా జరిగింది. 2004లో వచ్చిన వై.ఎస్. రాజశేఖర రెడ్డి ప్రభుత్వం మహిళా సంఘాల బ్యాంకు అప్పులకు వడ్డీ రాయితీ ఇచ్చింది. ఏడాదికి మూడు శాతం మించిన వడ్డీని ప్రభుత్వం భరించడం దాని సారం. 'మూడు శాతం మించిన వార్షిక వడ్డీ రాయితీ పథకం' అని పేరు పెట్టి ఉంటే ఫైళ్ళలోనే ఉండిపోయేది. 'పావలా వడ్డీ' అన్నారు. నూటికి నెలకు పావలా, పన్నెండు నెలలకు మూడు రూపాయలు. బడికి వెళ్ళని అవ్వకు కూడా వివరించే పని పడలేదు. ఊళ్ళో వడ్డీ వ్యాపారి రేటు పక్కన పావలాను పెట్టి, ఎంత మిగులుతుందో ఆమే చెప్పేది.

పావలా నాణెం 2011 జూన్ 30తో చెల్లకుండా పోయింది. పావలా వడ్డీ అన్న మాట మాత్రం ఇంకా చెల్లుతూనే ఉంది.

అయితే పేరు ధర చెప్పింది కానీ నడక చెప్పలేదు. సంఘం ముందు బ్యాంకు అడిగిన వడ్డీ అంతా కట్టాల్సి వచ్చేది. కంతు తప్పని వాళ్ళకు తేడా సొమ్ము తర్వాత వచ్చేది. జనం కొలతలో చెప్పడం సగం పని. ఆ కొలత వెనక ఏం జరుగుతుందో చెప్పడం మిగతా సగం. ఓట్లకు మొదటి సగం చాలు. బతుకుకు రెండూ కావాలి.

వారం కంతు దాచిన లెక్క

రెండో సగం చెప్పకపోతే ఏమవుతుందో సూక్ష్మరుణ సంస్థలు చూపించాయి. వాళ్ళు కూడా జనం కొలతలోనే మాట్లాడారు. శాతం మాటెత్తలేదు. "వారానికి ఇంత కడితే చాలక్కా" అన్నారు. వారం కూలిలోంచి తీసి ఇవ్వగలిగే మొత్తం. అంత తేలిగ్గా అర్థమయ్యే మాట ఇంకోటి లేదు. అంత తేలిగ్గా అసలు లెక్కను దాచే మాట కూడా లేదు.

లెక్క తేలిక కోసం నెల కంతులతో ఒక ఉదాహరణ వేసుకుందాం. పదివేలు అప్పు, ఏడాది గడువు, 12 శాతం 'ఫ్లాట్' వడ్డీ. అంటే రూపాయి వడ్డీ అనిపిస్తుంది. మొత్తం 11,200. నెలకు 933 చొప్పున పన్నెండు కంతులు. కానీ పదివేలూ ఏడాది పొడవునా మన చేతిలో లేవు. మొదటి నెలే అసలులో కొంత తిరిగి వెళ్ళిపోయింది. ఆరు నెలలకు సగమే మిగిలింది. ఆఖరి నెలలో మన దగ్గరున్నది ఎనిమిది వందల చిల్లర. వడ్డీ మాత్రం పదివేలకూ కడుతూనే ఉన్నాం. నిజంగా చేతిలో ఉన్న సొమ్ముకు లెక్కిస్తే వడ్డీ 21, 22 శాతం మధ్య తేలుతుంది. రూపాయి వడ్డీ అనుకున్నది దాదాపు రూపాయి ఎనభై పైసలు.

2010 అక్టోబర్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ సంస్థల మీద ఆర్డినెన్సు తెచ్చింది. ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే ఇంటికి అప్పుల మీద అప్పులు ఇవ్వడం, వసూళ్ళ ఒత్తిడి, ఆత్మహత్యల వార్తలు దానికి నేపథ్యం. అందులో జనం పెద్దగా పట్టించుకోని నిబంధన ఒకటుంది: సంస్థ కార్యాలయంలో అందరికీ కనపడేలా పెద్ద అక్షరాలతో వడ్డీరేటు రాయాలి. చట్టం చేయించిన పనుల్లో ఒకటి ఒక బోర్డు పాఠం. కానీ ఆ బోర్డు మీద రాసేది మళ్ళీ శాతమే.

కార్తెల్లో అడిగితే

ఆర్థికవేత్తలు ఊళ్ళకు రాలేదా అంటే వచ్చారు. అప్పటి ఈ అనంతపురం జిల్లాకే వచ్చారు. 2003లో సూక్ష్మరుణ సంస్థ బేసిక్స్, బీమా సంస్థ ఐసీఐసీఐ లాంబార్డ్ కలిసి మహబూబ్‌నగర్‌లో వాన బీమా మొదలుపెట్టాయి. పంట ఎంత పోయిందో కొలవరు. వానమాపిలో అనుకున్న దానికంటే తక్కువ పడితే డబ్బు వస్తుంది. ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్త జేవియర్ జినే, తోటి ఆర్థికవేత్తలు రాబర్ట్ టౌన్‌సెండ్, జేమ్స్ వికరీ ఆ జిల్లాతో పాటు అనంతపురంలో కూడా రైతులను అడిగి చూశారు.

వాళ్ళకు దొరికిన జవాబు పాఠ్యపుస్తకాన్ని తలకిందులు చేసింది. పుస్తకం ప్రకారం నష్టానికి ఎక్కువ భయపడేవాడు బీమా ముందుగా కొనాలి. ఇక్కడ భయం ఎక్కువున్న వాళ్ళే వెనక్కి తగ్గారు. కొనని వాళ్ళు చెప్పిన కారణాల్లో ఒకటి, అది తమకు అర్థం కాలేదని. అర్థం కాని బీమా భయస్తుడికి రక్షణలా కనపడదు, ఇంకో జూదంలా కనపడుతుంది. అందులో తప్పేముంది? ఒక గట్టు తడిసి పక్క గట్టు ఎండే వానలివి. మండల కేంద్రంలో వానమాపి నిండితే, చినుకు పడని చేను గలవాడికి ప్రీమియమూ పోతుంది, పంటా పోతుంది. తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన ప్రయోగంలో, తమకు తెలిసిన, నమ్మిన మనిషి పక్కనుండి చెబితే కొనేవాళ్ళు పెరిగారు.

అదే బృందం వాన ఎప్పుడొస్తుందని రైతులు అనుకుంటున్నారో తెలుసుకోవాలనుకుంది. 'జూన్ 20లోపు వర్షానికి సంభావ్యత ఎంత?' అని అడిగితే ఎవరు చెబుతారు? అందుకని కార్తెల్లో అడిగారు. మృగశిర, ఆరుద్ర, పునర్వసు అంటూ గళ్ళు గీసి, చేతికి రాళ్ళిచ్చి, నమ్మకం ఎక్కువున్న గడిలో ఎక్కువ రాళ్ళు పెట్టమన్నారు. సంభావ్యత అన్న మాట ఎన్నడూ వినని మనుషులు సంభావ్యతను రాళ్ళతో పేర్చి చూపారు. తేలిందేమిటి? వాన తప్పితే ఆదుకునే దారి తక్కువున్న వాళ్ళ అంచనాయే నిజానికి దగ్గరగా ఉంది. బోరున్నవాడు కాస్త తప్పుగా ఊహించినా బతికిపోతాడు. మెట్టచేను ఒక్కటే ఉన్నవాడికి ఆ తీరిక లేదు.

ఆ రోజు నేర్చుకున్నది రైతు కాదు. ప్రశ్న అడిగే పద్ధతి నేర్చుకున్నది ఆర్థికవేత్త.

రాంపురం మన ఊరు కాదు

మన బడి మాత్రం ఈ పద్ధతి ఇంకా నేర్చుకోలేదు. రాష్ట్ర విభజన నాటి పదో తరగతి సాంఘికశాస్త్రంలో 'రాంపురం: గ్రామ ఆర్థిక వ్యవస్థ' అని ఒక పాఠం ఉండేది. భూమి, శ్రమ, పెట్టుబడి ఎలా కలుస్తాయో కథలా చెప్పే మంచి పాఠం. కానీ ఆ రాంపురం పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో, గంగా మైదానంలో ఉంది. గొట్టపుబావుల నీళ్ళు, గోధుమ, చెరకు, బంగాళాదుంప. నల్లమాడ పిల్లకు పల్లె ఆర్థిక వ్యవస్థ అంటే తను ఎన్నడూ చూడని నీళ్ళున్న పల్లె. వాన రాకపోతే, అప్పు తిరగబడితే, బెంగళూరు బస్సెక్కితే ఏమవుతుందో తనకు తెలుసు. కానీ అది పరీక్షకు రాదు.

ఇంటర్లో సీఈసీలోనో హెచ్ఈసీలోనో చేరితే భాష ఇంకో మెట్టెక్కుతుంది. క్షీణోపాంత ప్రయోజన సూత్రం, డిమాండు వ్యాకోచత్వం. తెలుగు లిపిలో ఉన్నంత మాత్రాన తెలుగైపోవు. మొదటి పొట్టేలు అమ్మితే బడి ఫీజు తీరుతుంది, అయిదోది అమ్మితే పండక్కి బట్టలొస్తాయి అని చెబితే ఉపాంత ప్రయోజనం ఇంట్లోనే ఉంది. "మా చాకిరీ లెక్కేసుకుంటే ఏమీ మిగల్దు" అని అమ్మ అనే మాటలో మద్దతు ధర వివాదమంతా ఉంది. కేంద్రం 2025 ఖరీఫ్‌కు చెనిక్కాయ (వేరుశనగ) క్వింటాలుకు 7,263 రూపాయలు ప్రకటించింది. అది చేతి ఖర్చుకు ఇంటివాళ్ళ చాకిరీ కలిపిన లెక్క మీద కట్టింది. సొంత భూమికి కౌలు, సొంత పెట్టుబడికి వడ్డీ కూడా కలపాలని రైతు సంఘాలు అడుగుతున్నాయి. పిల్ల తన ఇంటి చెనిక్కాయ ఖర్చు రెండు రకాలుగా వేసి చూస్తే, కమిషన్ల నివేదికల్లో ఉన్న తగువు నోటుబుక్కులో తేలిపోతుంది.

ఇంటి లెక్కతో మొదలైన పాఠం ఎంత దూరం పోతుందో తెలుగునాట రుజువుంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో వయోజన విద్య వాచకంలో 'సీతమ్మ కథ' చదివిన దూబగుంట ఆడవాళ్ళు, మగవాళ్ళ కూలి సారా దుకాణానికి పోతున్న సంగతి కలిసి మాట్లాడుకున్నారు. దుకాణం మూయించారు. అది ఉద్యమమై 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ మిగులుతోనే రోజుకు రూపాయి చొప్పున 'పొదుపు లక్ష్మి' పథకం పుట్టింది. అక్షరాలు దిద్దించడానికి రాసిన పాఠం ఇంటి బడ్జెట్టు పాఠమైంది. మన పక్కనే చెన్నేకొత్తపల్లి కేంద్రంగా 1990 నుంచి పనిచేస్తున్న టింబక్టు కలెక్టివ్ కూడా మహిళల పొదుపు సంఘాలను నిలబెట్టింది.

టీవీలో అంకెలు

మనకు ఆర్థికవేత్తల కొరత లేదు. 2003 నుంచి 2013 దాకా వరసగా పదేళ్ళు రిజర్వు బ్యాంకు గవర్నర్లు తెలుగువాళ్ళే: వై.వి. రెడ్డి, దువ్వూరి సుబ్బారావు. అయినా రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రెపో రేటుకు ఈ రోజుకీ ఊరు పెట్టుకున్న పేరు లేదు.

'ద్రవ్యోల్బణం తగ్గింది' అని వార్తల్లో వస్తే, సంతకు పోయిన మనిషి తిట్టుకుంటాడు. తగ్గింది ధర కాదు, పెరిగే జోరు. మిట్ట ఎక్కే బస్సు నెమ్మదించినంత మాత్రాన వెనక్కి దిగినట్టు కాదు. 2025-26 రాష్ట్ర బడ్జెట్టు 3.22 లక్షల కోట్లు అంటే ఎవరి కంటికీ ఆనదు. అయిదు కోట్ల పైచిలుకు జనానికి పంచి, తలకు సుమారు అరవై వేలు అంటే, "మా వాటా ఎక్కడ?" అన్న ప్రశ్న దానంతటదే వస్తుంది. బడ్జెట్టు చర్చ మొదలవ్వాల్సింది ఆ ప్రశ్న దగ్గరే.

సగటు సంగతి కూడా అంతే. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్ల ఉత్పత్తి మొదలైంది. అక్కడ తయారయ్యే ప్రతి కారుతో కలిసే అదనపు విలువ జిల్లా ఉత్పత్తిలోకి చేరుతుంది. తలసరి అంకె పెరుగుతుంది. ఆ అంకె అబద్ధం కాదు. అది నల్లమాడ మెట్టచేను గురించి చెబుతోందనుకోవడం అబద్ధం.

ఒక్క వరుస చాలు

రైతు మూడు రూపాయలకు అప్పు తెచ్చుకుంటే "ఆర్థిక అక్షరాస్యత లేదు" అని తేల్చేసేవాళ్ళున్నారు. కానీ ఆరుద్రలో రాత్రి వాన పడితే తెల్లారి విత్తనం పడాలి. పదును ఆరిపోయేలోగా డబ్బు కావాలి. బ్యాంకు చుట్టూ తిరిగే నాలుగు రోజుల కూలి, పోయే అదును కలిపితే మూడు రూపాయల వడ్డీ కొన్నిసార్లు చవకే. అది అజ్ఞానం కాదు, లెక్క. ఎప్పుడు చవకో ఎప్పుడు ముంచుతుందో తేల్చుకోవడానికి రెండు వైపుల రేట్లూ ఒకే కొలతలో కళ్ళ ముందుండాలి.

అందుకు ఇప్పుడు ఒక కాగితం ఉంది. 2024 అక్టోబర్ నుంచి వ్యక్తులకు ఇచ్చే అప్పులకు ముఖ్యాంశాల పత్రం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక వడ్డీ శాతం అందులో ఉండాలి. అది తీసుకునేవాళ్ళకు అర్థమయ్యే భాషలో ఉండాలి. చాలా మంచి నిబంధన. భాష అంటే తెలుగు అక్షరాలే అనుకుంటే మాత్రం సగమే నెరవేరుతుంది.

ఆ పత్రంలో ఇంకొక్క వరుస చేర్చితే చాలు: 'నూటికి నెలకు ఇన్ని రూపాయల ఇన్ని పైసలు.' ఇన్నాళ్ళూ ఊళ్ళో ఒకరినొకరు అడుగుతూ వచ్చిన ప్రశ్నకు అప్పుడు బ్యాంకు కూడా జవాబు చెబుతుంది. ఆ తర్వాత "ఎన్ని రూపాయలకు తెచ్చినావప్పా?" అని అడిగితే, "యాభై ఎనిమిది పైసలకు" అనేవాడూ "రెండు రూపాయలకు" అనేవాడూ ఒకే అరుగు మీద కూచుని తేడా లెక్కేసుకుంటారు.