72 గంటల గడువు

బియ్యం ధర మొదలు పెళ్లి సంబంధాల వరకు మన ఇండ్లలో అన్నీ మాట్లాడుకుంటాము గాని, ఒక సంగతి మాత్రం చాటుననే వుండిపోతున్నది. నిరోధ్ చిరిగినప్పుడో, రోజూ వేసుకునే మాత్ర మరచినప్పుడో, గర్భము నిలువకుండ వెంటనే వేసుకొనే అత్యవసర మాత్ర సంగతి అది. పెళ్లికాని పడుచుల వ్యవహారమని పత్రిక మడిచిపెట్టవద్దు. మరొక కాన్పు వద్దనుకున్న దంపతులకూ దీని అవసరం పడుతుంది.

మందు పేరు లెవోనార్‌జెస్ట్రెల్, 1.5 మిల్లీగ్రాములు, ఒకే మాత్ర. మన దేశంలో 2002లో దీనికి అనుమతి వచ్చింది. 2005లో డాక్టరు చీటీ లేకుండానే అమ్మవచ్చునన్నారు. 2007లో ఐ-పిల్ అనే పేరుతో వచ్చి, టెలివిజన్ ప్రకటనల వలన ఇంటింటా తెలిసింది.

అయినను మన చెన్నపట్నంలో అడిగి చూడండి. చాలా మందుల కొట్లలో ‘ఇల్లై’ అన్న ఒక్క మాటే జవాబు. నిషేధించిన చట్టమేదీ లేదు. కొందరు సరుకే తెప్పించరు. కొందరు చీటీ ఏదీ అంటారు. మరికొందరు, తాళి వున్నదా లేదా అని కాబోలు, అడిగిన ఆమె మెడవైపు చూస్తారు! గర్భస్రావానికి వాడే మిఫెప్రిస్టోన్, ఇది ఒకటేనన్న అపోహ కూడ చాలామందిలో వున్నది. అది వేరు. దానికి డాక్టరు చీటీ కావాలి, 1971 నాటి చట్టపు నిబంధనలూ కలవు. ఇది అండం విడుదలను వెనుకకు జరుపుతుంది, అంతే. అప్పటికే గర్భము నిలిచివుంటే దానిని పోగొట్టదు, లోపలి బిడ్డకు హాని చేయదు.

ఆఫీసులో గడువు దాటిన కాగితానికి ‘ఆలస్యమునకు చింతిస్తున్నాము’ అని ఒక వాక్యం చేర్చి పైకి పంపుతాము. ఇక్కడ ఆ వీలు లేదు. 72 గంటలలోగా మింగవలె. ఎంత త్వరగా వేసుకుంటే అంత గుణం. శనివారం రాత్రి మొదలైన గడువు మంగళవారం రాత్రికి సరి. ఆదివారం సగం కొట్లు మూత, సోమవారం రెండు కొట్లలో లేదనిపించుకొని తలవంచుకొని ఇంటికి రావడం. ఇక మిగిలేది ఎంత? అందుచేత ఈ పని ఇల్లాలి మీదనే వేయక భర్తలే వెళ్లడం మంచిది. పేరు కాగితం మీద వ్రాసి ఇస్తే నలుగురిలో బిగ్గరగా చెప్పే బాధ తప్పుతుంది.

కొట్లలో దొరకనప్పుడు ప్రభుత్వాసుపత్రిలోని కుటుంబ సంక్షేమ విభాగంలో అడగండి. ఒడిషాలో బరంపురం వైపు పల్లెలలోని మనవారు ఆశా కార్యకర్తను అడగవచ్చు. ఆమెకు ఇచ్చే మందులలో ఈ మాత్రనూ చేర్చారు. 72 గంటలు దాటినా 5 రోజులలోగా డాక్టరుచేత కాపర్-టి వేయించుకొనే దారి వున్నది. అది మాత్రకంటె గట్టిది, తరువాత ఏండ్ల తరబడి పనికివస్తుంది.

మాత్ర వేసుకున్న 2 గంటలలోగా వాంతి అయితే మరొకటి వేసుకోవలె. క్షయకు రిఫాంపిసిన్ గాని, మూర్ఛకు కొన్ని మందులు గాని వాడేవారికి దీని బలం తగ్గుతుంది. వారు ముందే డాక్టరుతో చెప్పవలె. నెలసరి నాలుగు రోజులు అటూ ఇటూ కావచ్చు. వారం దాటినా రాకపోతే పరీక్ష చేయించుకోండి. ఒక సంగతి చాలామందికి తెలియదు: మాత్ర మింగిన తరువాత మళ్లీ కలిస్తే, దానికి ఈ మాత్ర అడ్డు కాదు.