పరుపులో దాగిన కుందేలు

అరచేతిలో ఇమిడే దంతపు కుందేలు అది. కళ్ల చోట తేనెరంగు అంబర్ పొదిగి ఉంటుంది. ఒక యూదు కుటుంబంలో చేతులు మారుతూ వచ్చిన 264 బొమ్మల్లో ఇదొకటి.

జపాన్‌వారి కిమోనోకి జేబులుండవు. మన పెద్దలు వక్కాకు సంచి రొంటిన దోపుకున్నట్టే, వాళ్లు పొగాకు సంచినీ మందుల పెట్టెనీ నడుముపట్టీకి వేలాడదీసుకునేవారు. ఆ తాడు జారిపోకుండా పైకొసన కట్టే చిన్న బొమ్మ పేరు నెట్సుకే. 1870ల్లో పారిస్‌లో జపాన్ వస్తువుల మోజు పెరిగినప్పుడు షార్ల్ ఎఫ్రూసీ వీటిని కొన్నాడు. ఎఫ్రూసీలు బెర్దిచెవ్ నుంచి ఒడెస్సా వెళ్లి, ధాన్యం వ్యాపారంలో ఎదిగి, పారిస్‌లోనూ వియన్నాలోనూ బ్యాంకులు పెట్టినవారు. షార్ల్‌కి లెక్కల కంటే చిత్రకళ మీదే ప్రాణం. మానే గీసిన తోటకూర కాడల్లాంటి యాస్పరాగస్ కట్ట చిత్రానికి ఎనిమిది వందల ఫ్రాంకులు అడిగితే వెయ్యి పంపాడు. కట్టలోంచి ఒకటి జారిపోయిందంటూ మానే ఇంకో కాడ బొమ్మ గీసి పంపించాడు.

1899లో వియన్నాలో తన బంధువు విక్టర్‌కి ఎమ్మీతో జరిగిన పెళ్లికి షార్ల్ ఈ బొమ్మలన్నీ అద్దాల బీరువాతో సహా కానుకగా పంపాడు. రింగ్‌స్ట్రాసె వీధిలోని ఆ భవంతిలో బీరువా ఎమ్మీ అలంకరణ గదికి చేరింది. అమ్మ ముస్తాబవుతుంటే పిల్లలు తివాచీ మీద కూర్చుని కుందేళ్లతో, పులులతో ఆడుకునేవారు. పక్కనే అమ్మగారికి బట్టలు అందిస్తూ పనిమనిషి అన్నా ఉండేది.

1938 మార్చిలో హిట్లర్ సైన్యం ఆస్ట్రియాలోకి వచ్చింది. విక్టర్‌నీ చిన్నకొడుకు రుడాల్ఫ్‌నీ పట్టుకెళ్లి, ఇంటి మీద హక్కు వదులుకుంటున్నట్టు సంతకం పెట్టించుకున్నారు. పటాలు, పుస్తకాలు, వెండి, అన్నీ జాబితా రాసి తీసుకుపోయారు. ఆ ఏడాది అక్టోబరులో ఎమ్మీ చెకోస్లొవేకియాలో కన్నుమూసింది. 1939లో విక్టర్ ఒక్క పెట్టెతో ఇంగ్లండులోని కూతురు ఎలిజబెత్ దగ్గరికి చేరాడు. వియన్నా ఇంట్లోని పుస్తకాల బీరువా తాళంచెవి ఆయన గడియారపు గొలుసుకి అలాగే వేలాడుతూ ఉంది. ఈ కుటుంబ కథ చదువుతూ ఆ తాళంచెవి దగ్గరికి వచ్చినప్పుడల్లా నేను ఆగిపోతాను.

యుద్ధం ముగిశాక, 1945 డిసెంబరులో ఎలిజబెత్ వియన్నా వెళ్లింది. అన్నా ఇంకా అక్కడే ఉంది. కుటుంబం చెప్పుకునే కథ ఇది: సామాన్లు సర్దమని నాజీలు అన్నాని పనిలోనే ఉంచారు. పెద్ద వస్తువేదీ ఆమె దాచలేకపోయింది. అందుకని ఆ గదిలోకి వెళ్లినప్పుడల్లా మూడు నాలుగు బొమ్మలు ఏప్రన్ జేబులో వేసుకుని తన పడక పరుపులో దాచింది. దాదాపు రెండు వారాలు పట్టింది. ఆ పరుపు మీదే పడుకుంటూ యుద్ధకాలమంతా వాటిని కాచింది. పట్టుబడితే ఏమయ్యేదో ఆమెకి తెలుసు. బొమ్మలన్నింటినీ ఎలిజబెత్ చేతిలో పెట్టింది.

షార్ల్ మనకి రెన్వా చిత్రంలో ఎత్తు టోపీతో కనిపిస్తాడు. విక్టర్ భవంతిని కట్టిన వాస్తుశిల్పి థియోఫిల్ హాన్సెన్ అని అందరికీ తెలుసు. అన్నా ఇంటిపేరు మాత్రం ఎలిజబెత్ మనవడు, కుమ్మరి కళాకారుడు ఎడ్మండ్ డి వాల్‌కి కూడా తెలియలేదు. ఈ కథలో అందరికంటే పెద్దమనిషి ఆవిడే. ఆమె ఇంటిపేరును ఎవరూ రాసిపెట్టకపోవడం ఆ సంపన్న కుటుంబం తీర్చుకోలేకపోయిన రుణం. ఎడ్మండ్ కూడా దీన్ని దాచలేదు, 2010లో వచ్చిన తన పుస్తకంలో ఒప్పుకున్నారు.

1947లో ఎలిజబెత్ తమ్ముడు ఇగ్గీ బొమ్మలను టోక్యోకి తీసుకెళ్లాడు. అలా అవి పుట్టిన దేశం చేరాయి. 1994లో ఇగ్గీ పోయాక అవి ఎడ్మండ్‌కి దక్కాయి. లండన్‌లో ఆయన పిల్లలు మళ్లీ వాటితో ఆడుకున్నారు.

2018లో ఎడ్మండ్ 157 బొమ్మలను వియన్నా యూదు మ్యూజియానికి దీర్ఘకాలిక అరువుగా ఇచ్చారు. మరో 79 బొమ్మలను వేలం వేయించారు. ఆ డబ్బు బ్రిటన్‌లో శరణార్థులకు అండగా నిలిచే రెఫ్యూజీ కౌన్సిల్‌కి, అంటే విక్టర్ ఒక్క పెట్టెతో వచ్చిన దేశానికే ఇప్పుడు అలా వస్తున్నవారి కోసం వెళ్లింది.