ఒకే సాక్ష్యం - రెండు నిర్ధారణలు

అమెరికాలోని ర్యాండ్ పరిశోధనా సంస్థ 2003లో ముస్లిం ప్రపంచాన్ని గురించి ఒక నివేదిక వెలువరించింది. ముస్లిములను ఛాందసవాదులు, సంప్రదాయవాదులు, ఆధునికవాదులు, లౌకికవాదులు అని నాలుగు వర్గాలుగా విభజించి, వీరిలో ఎవరిని ప్రోత్సహించాలో, ఎవరిని ఎదుర్కోవాలో పాశ్చాత్య ప్రభుత్వాలకు సూచించింది. మనలో కొందరు దానిని కుట్రపత్రమంటారు. మరికొందరు పెద్ద పండితుల మాట గనుక తిరుగులేనిదంటారు. చదివినవారు మాత్రం రెండు పక్షాలలోనూ తక్కువే. ఇటువంటి నివేదికలు ఎలా తయారవుతాయో తెలియాలంటే, వియత్నాం యుద్ధకాలంలో ఇదే సంస్థ జరిపిన ఒక పరిశోధనను పరిశీలించాలి.

1946లో అమెరికా సైనిక వైమానిక విభాగం కోసం డగ్లస్ విమాన కంపెనీలో ఒక పథకంగా మొదలైన ర్యాండ్, 1948లో లాభాపేక్ష లేని స్వతంత్ర సంస్థ అయింది. పేరుకు స్వతంత్రమే గాని, తొలి దశాబ్దాలలో దానికి ప్రధాన పోషకుడు వైమానిక దళమే.

వియత్ కాంగ్ గెరిల్లాలు ఎవరు, దేనికోసం ప్రాణాలొడ్డుతున్నారు? రక్షణ శాఖ అడిగిన ఈ ప్రశ్నకు జవాబు వెదకడానికి 1964లో జోసెఫ్ జాస్లాఫ్, జాన్ డొనెల్ అనే రాజనీతి శాస్త్రజ్ఞులు ర్యాండ్ తరఫున సైగాన్ వెళ్ళారు. ఖైదీలను, లొంగిపోయినవారిని విచారించారు. వీరిని కదిలించినవి దేశ స్వాతంత్ర్యకాంక్ష, పల్లెలలోని అన్యాయమూ అనీ, వీరు సులభంగా లొంగేవారు కారనీ తేల్చారు. వాషింగ్టన్‌కు ఇది రుచించే మాట కాదు.

తరువాత ఆ పని లియోన్ గూరే చేతికి వచ్చింది. ఇక్కడే అసలు విషయముంది. ప్రశ్నల మొగ్గు మారింది. బాంబులు, ఫిరంగులు మీ మీద ఎలా పనిచేస్తున్నాయన్న విచారణకు ప్రాధాన్యం హెచ్చింది. నిర్బంధంలో ఉన్నవాడిని భయం గురించి అడిగితే భయం గురించే చెబుతాడు; దళం విడిచి వచ్చినవాడు ఎందుకు విడిచాడో చెబుతాడు గాని, విడవనివాడి మనసు చెప్పలేడు. బాంబుదాడులు గెరిల్లాల ధైర్యాన్ని సడలిస్తున్నాయని 1965లో గూరే ప్రకటించాడు. ఆ మాట రక్షణ మంత్రి మెక్‌నమారా దాకా వెళ్ళింది. వైమానిక దళానికి ఇంతకంటె ప్రియమైన మాట ఏముంటుంది?

1968 నాటికి సుమారు 2400 ఇంటర్వ్యూలు, 60 వేలకు పైగా పేజీలు పోగుపడ్డాయి. వియత్నాం భాషలో పలికిన మాటలు ఇంగ్లీషులోకి మారి ఆ పేజీలకెక్కాయి. ఒక రైతు వాడిన పదం ‘అలసట’ అయిందా, ‘నిరాశ’ అయిందా అన్నదానిమీద ఎంత ఆధారపడి ఉంటుందో అనువాదం చేసేవారికి వేరే చెప్పనక్కరలేదు. హదీసు పండితులు రివాయత్‌ను స్వీకరించే ముందు రావీ ఎవరు, ఎవరివద్ద విన్నాడు, ఎంత నమ్మదగినవాడు అని ఆరా తీసేవారు. సైగాన్ కాగితాలకు అంతటి పరీక్ష జరగలేదు.

అయినా అవే కాగితాలను చదివిన కోన్రాడ్ కెల్లెన్ అనే ర్యాండ్ ఉద్యోగి, వీరిని బలప్రయోగంతో లొంగదీయడం అసాధ్యమని గ్రహించాడు. 1969 అక్టోబరులో డేనియల్ ఎల్స్‌బర్గ్‌తో సహా ఆరుగురు ర్యాండ్ పరిశోధకులు, ఒక ఏడాదిలో అమెరికా సేనలు వైదొలగాలని పత్రికలకు బహిరంగలేఖ వ్రాశారు. వారిలో కెల్లెన్ ఒకడు. నాడు సైగాన్‌లో ఆ ఇంటర్వ్యూలు చేసిన మై ఎలియట్ అనే వియత్నాం మహిళ వ్రాసిన, ఆగ్నేయాసియాలో ర్యాండ్ చరిత్రను 2010లో ర్యాండ్ తానే ప్రచురించింది. గూరే సంగతి కూడా అందులో దాచలేదు. కుట్రపత్రమనేవారు ఈ సంగతినీ లెక్కలోకి తీసుకోవాలి.

ఇక 2003 నాటి నివేదిక. వ్రాసింది షెరిల్ బెనార్డ్. ధనసహాయం స్మిత్ రిచర్డ్‌సన్ ఫౌండేషన్‌ది. ఆ మాట గ్రంథంలోనే అచ్చయి ఉంది. వియత్నాంలో వలె వేలమందిని కూర్చోబెట్టి అడిగి తెలుసుకున్నది కాదు, ప్రధానంగా గ్రంథాలు, వ్యాసాల ఆధారంగా చేసిన రచన. చివర హదీసుల వివాదాలపై ఒక అనుబంధం, హిజాబ్‌పై ఒక అనుబంధం ఉన్నాయి. మన మదరసాలలో హదీసు బోధించేవారు మొదట తెరవవలసినది ఆ మొదటి అనుబంధాన్నే.