అడుగు స్వరం మారినప్పుడు: గిటార్‌పై కార్డ్ ఇన్వర్షన్లు

గిటార్ తరగతిలో చేరినవారికి తొలి వారాల్లోనే పరిచయమయ్యే సి మేజర్ కార్డ్‌లో ఐదో తీగను 3వ ఫ్రెట్ దగ్గర, నాలుగో తీగను 2వ ఫ్రెట్ దగ్గర, రెండో తీగను 1వ ఫ్రెట్ దగ్గర నొక్కి, మూడో తీగనూ ఒకటో తీగనూ ఖాళీగా వదిలి మీటుతారు. అన్నిటికన్నా లావుగా ఉండే ఆరో తీగ జోలికి మాత్రం వెళ్లవద్దని గురువులు హెచ్చరిస్తారు. ఈ నిషేధానికి కారణం చాలా సందర్భాల్లో చెప్పరు గాని, నిజానికి ఖాళీగా మోగే ఆరో తీగ పలికేది ఇ స్వరం, అది సి మేజర్ కార్డ్‌లో ఎలాగూ ఉన్న స్వరమే, కనుక దాన్ని కలిపి మీటినా అపస్వరం పలకదు. అయినా అంతవరకు నింపాదిగా కూర్చున్నట్టు వినిపించిన కార్డ్ ఆ ఒక్క తీగ చేరగానే లేచి ఎటో బయలుదేరబోతున్నట్టు వినిపిస్తుంది. ఉంగరపు వేలిని ఆరో తీగ 3వ ఫ్రెట్‌కు జరిపి, అది ఖాళీ చేసిన చోట చిటికెన వేలిని ఉంచితే అడుగున జి పలుకుతుంది, అప్పుడు కార్డ్ మరింత అస్థిరంగా, ముగింపు కోసం ఎదురుచూస్తున్నట్టుగా తోస్తుంది. పేరు మారలేదు, స్వరాలు మారలేదు, మారినదల్లా అడుగున ఉన్న స్వరమే. ఈ మార్పునే పాశ్చాత్య సంగీతశాస్త్రం ఇన్వర్షన్ అంటుంది.

ఒకేసారి మోగే స్వరాల సమూహాన్ని కార్డ్ అనీ, మూడు భిన్న స్వరాలతో ఏర్పడే మౌలికమైన కార్డ్‌ను ట్రయాడ్ అనీ పిలుస్తారు. సి మేజర్ ట్రయాడ్‌లోని సి, ఇ, జి స్వరాలను కర్ణాటక సంగీత పరిభాషలోకి తెచ్చుకుంటే, సి ని షడ్జంగా పెట్టుకున్నప్పుడు ఇ అంతర గాంధారమూ జి పంచమమూ అవుతాయి, అంటే ఇది స-గ-ప. కార్డ్‌కు పేరిచ్చే స్వరం రూట్, అనగా మూలస్వరం. అది అడుగున ఉంటే రూట్ పొజిషన్, గాంధారం అడుగుకు చేరి గ-ప-స అయితే మొదటి ఇన్వర్షన్, పంచమం అడుగుకు చేరి ప-స-గ అయితే రెండో ఇన్వర్షన్. పై స్వరాలు ఏ వరుసలో ఉన్నా, ఎన్నిసార్లు తిరిగి వచ్చినా ఇన్వర్షన్ పేరును నిర్ణయించేది అడుగు స్వరం ఒక్కటే. పాటల పుస్తకాల్లో సి తరువాత ఏటవాలు గీత గీసి ఇ అని రాసి ఉంటే, సి కార్డ్‌ను ఇ అడుగున వచ్చేలా వాయించమని అర్థం.

కర్ణాటక సంగీతంతో పరిచయమున్నవారికి ఇక్కడ గ్రహభేదం గుర్తుకు రావడం సహజమే గాని, రెండూ ఒకటి కావు. మోహనంలోని రిషభాన్ని షడ్జంగా భావిస్తే మధ్యమావతి, గాంధారాన్ని షడ్జంగా భావిస్తే హిందోళం పుట్టుకొస్తాయి, అంటే అక్కడ ఆధారం మారితే రాగం పేరే మారిపోతుంది. ఇన్వర్షన్‌లో అడుగు స్వరం మారినా మూలస్వరం తన హోదాను వదులుకోదు. ఇ-జి-సి అని మోగినంత మాత్రాన అది ఇ కార్డ్ కాబోదు. మన తంబురా కచేరీ ఆసాంతం ఆధారాన్ని కదలనివ్వదు, పాశ్చాత్య హార్మనీ మాత్రం ఆధారాన్ని కదిలించడంలోనే తన రుచిని వెతుక్కుంటుంది.

మూలస్వరం ఎక్కడున్నా కార్డ్ ఒకటేనన్న భావనకు స్థిరమైన సిద్ధాంత రూపం ఇచ్చినవాడు ఫ్రాన్స్‌కు చెందిన జాన్ ఫిలిప్ రామో. హార్మనీపై ఆయన రాసిన బృహద్గ్రంథం 1722లో పారిస్‌లో వెలువడింది. అయితే గిటార్ వాదకుల చేతులు ఈ సంగతిని అంతకు శతాబ్దం ముందే గ్రహించాయని చెప్పవచ్చు. వృత్తిరీత్యా వైద్యుడైన కాటలోనియా వాసి జువాన్ కార్లోస్ అమాత్ 1596లో ఐదు జతల తీగల గిటార్ కోసం రాసిన చిన్న పుస్తకంలో 12 మేజర్, 12 మైనర్ కార్డ్‌లను చేతి ఆకారాలుగా చూపించాడు. 1606లో ఇటలీలో జిరోలామో మోంతెసార్దో ఒక్కో ఆకారానికి ఒక్కో అక్షరం కేటాయించిన పద్ధతిని అచ్చు వేయించాడు. తీగలన్నిటినీ కలిపి మీటే ఆ వాదనంలో అడుగున ఏ స్వరం పడిందన్నది ఎవరికీ పట్టలేదు, కార్డ్ కార్డే. సిద్ధాంతం ఆలస్యంగా వచ్చి చేతివాటానికి పేరు పెట్టిన సందర్భాల్లో ఇదొకటి.

అడుగు స్వరానికి ఇంత పెత్తనం ఎందుకన్నదానికి ధ్వనిశాస్త్రం ఒక వివరణ ఇస్తుంది. తీగ మోగినప్పుడు ప్రధాన స్వరంతో పాటు దాని కంపన సంఖ్యకు 2, 3, 4, 5 రెట్లుండే ఉపస్వరాలు కూడా సన్నగా పలుకుతాయి. అడుగున సి ఉన్నప్పుడు దాని 3 రెట్ల ఉపస్వరం జి, 5 రెట్ల ఉపస్వరం దాదాపు ఇ, అంటే పైన మోగే స్వరాలు అడుగు తీగలో ముందే దాగి ఉన్నాయి గనుక కార్డ్ నిలకడగా వినిపిస్తుంది. అడుగుకు జి వస్తే దాని ఉపస్వరాలైన డి, బి స్వరాలు పైనున్న సి, ఇ స్వరాలతో పొత్తు కుదరక ఒరుసుకుంటాయి. శాస్త్రీయ సంగీతకారులు రెండో ఇన్వర్షన్‌ను ముగింపుకు వాడక, ముగింపుకు ముందు ఉత్కంఠ పెంచడానికి వాడటంలో ఈ ఒరిపిడి పాత్ర కొంత ఉంది.

పియానో ముందు కూర్చున్న విద్యార్థికి ఇదంతా కళ్లెదుట కనిపిస్తుంది. అడుగున ఉన్న సి ని వదిలి పైనున్న సి ని నొక్కితే సరి, ఇన్వర్షన్ తయారవుతుంది. గిటార్ ఆ సౌలభ్యాన్ని ఇవ్వదు, ఎందుకంటే ఇక్కడ ఒకే స్వరం పలుచోట్ల ఉంటుంది. ఖాళీగా మోగే ఒకటో తీగ పలికే ఇ స్వరమే రెండో తీగపై 5వ ఫ్రెట్ దగ్గర, మూడో తీగపై 9వ ఫ్రెట్ దగ్గర, నాలుగో తీగపై 14వ ఫ్రెట్ దగ్గర, ఐదో తీగపై 19వ ఫ్రెట్ దగ్గర కూడా దొరుకుతుంది. దీనికి తోడు తీగల శృతిలో ఒక వంకర ఉంది. ఆరో తీగ నుంచి వరుసగా ఇ, ఎ, డి, జి, బి, ఇ అని శృతి చేసే ఈ వాద్యంలో పక్కపక్క తీగల మధ్య 5 ఫ్రెట్ల దూరం ఉండగా, జి, బి తీగల మధ్య మాత్రం 4 ఫ్రెట్లే ఉంటుంది. సులువైన కార్డ్‌లు చేతికి అందడం కోసం చేసుకున్న ఈ సర్దుబాటు వల్ల ఒక తీగల జట్టుపై నేర్చిన ఆకారం పక్క జట్టుకు వెళ్లేసరికి కుదరకుండా పోతుంది. విద్యార్థులు ఆకారాలను బొమ్మల్లా కంఠస్థం చేసి, స్థలం మారగానే తికమకపడటానికి మూలం ఇక్కడే ఉంది.

ఈ చిక్కును విడదీయడానికి అనుభవజ్ఞులు అనుసరించే దారి ఆరు తీగలనూ ఒకేసారి పట్టుకోకుండా పక్కపక్కనే ఉన్న మూడేసి తీగల జట్లుగా చూడటం. 6-5-4, 5-4-3, 4-3-2, 3-2-1 అనే నాలుగు జట్లు, ఒక్కో జట్టుపై మూడేసి స్థానాలు, వెరసి ఒక మేజర్ ట్రయాడ్‌కు 12 ఆకారాలు. అందులో సన్నని తీగలున్న 3-2-1 జట్టును దగ్గరగా పరిశీలిస్తే తక్కినవాటి మర్మం బోధపడుతుంది. మూడో తీగను ఖాళీగా, రెండో తీగను 1వ ఫ్రెట్ దగ్గర, ఒకటో తీగను ఖాళీగా వాయిస్తే జి-సి-ఇ, అంటే రెండో ఇన్వర్షన్. అక్కడి నుంచి ప్రతి తీగనూ అదే తీగపై కార్డ్‌లోని తరువాతి స్వరానికి జరిపితే జి సి అవుతుంది, సి ఇ అవుతుంది, ఇ జి అవుతుంది. చేయి 5-5-3 ఫ్రెట్లకు చేరి రూట్ పొజిషన్ వస్తుంది. మరొక్కసారి అలాగే జరిపితే 9-8-8, అది ఇ-జి-సి, మొదటి ఇన్వర్షన్. ఆ పైన 12-13-12 దగ్గర మొదటి ఆకారమే ఒక స్థాయి పైన తిరిగి వస్తుంది, ఎందుకంటే 12వ ఫ్రెట్ తీగ పొడవును సరిగ్గా సగానికి విరుస్తుంది. తీగ పొడవు 650 మిల్లీమీటర్లుండే క్లాసికల్ గిటార్‌పై మొదటి ఫ్రెట్ గది సుమారు 36 మిల్లీమీటర్లుండగా 12వ ఫ్రెట్ గది 19 మిల్లీమీటర్లకు కుదించుకుపోతుంది కనుక, పైకి వెళ్లేకొద్దీ వేళ్లను అంతగా చాపవలసిన పని ఉండదు.

పక్కనున్న 4-3-2 జట్టుపై ఇదే ప్రయాణం 2-0-1, 5-5-5, 10-9-8 ఫ్రెట్ల మీదుగా సాగుతుంది. ఇందులో 5-5-5 ఒక్క వేలిని అడ్డంగా పరచినా పలికే ఆకారం కనుక చాలామందికి ముందుగా చేతికి వస్తుంది. అది రెండో ఇన్వర్షన్ అని తెలియకుండానే సంవత్సరాల తరబడి వాయించేవారూ ఉన్నారు. లావు తీగల 6-5-4 జట్టు మాత్రం స్వరాలు దగ్గరదగ్గరగా పడి గజిబిజిగా మోగుతుంది గనుక దాన్ని చివరకు వాయిదా వేసుకున్నా నష్టం లేదు.

ఆకారాలను లెక్కపెట్టుకోవడం కన్నా ముఖ్యం, ఏ వేలి కింద మూలస్వరం, ఏ వేలి కింద గాంధారం, ఏ వేలి కింద పంచమం ఉన్నాయో పైకి పలుకుతూ వాయించడం. ఇది మొదట్లో విసుగు పుట్టిస్తుంది గాని దాని ఫలితం వెంటనే అందుతుంది. గాంధారం ఏ వేలి కింద ఉందో తెలిస్తే, ఆ వేలిని ఒక ఫ్రెట్ వెనక్కు జరిపిన మరుక్షణం మేజర్ మైనర్ అవుతుంది. 5-5-3 కాస్తా 5-4-3 అవుతుంది, మిగిలిన రెండు వేళ్ల పనిలో తేడా రాదు. ఈ విధంగా 12 మేజర్ ఆకారాలు వచ్చినవారికి 12 మైనర్ ఆకారాలను విడిగా నేర్చుకునే శ్రమ తప్పుతుంది. దీనికి భిన్నంగా, సి-ఇ-జి షార్ప్ స్వరాల ఆగ్మెంటెడ్ కార్డ్‌లో స్వరాల మధ్య దూరాలు సమానం గనుక ఒకే ఆకారాన్ని 4 ఫ్రెట్లకు ఒకసారి జరుపుతూ పోతే ఇన్వర్షన్లన్నీ వాటంతట అవే వస్తాయి. గిటార్ విద్యార్థికి అప్పనంగా దొరికే కొద్ది వస్తువుల్లో అదొకటి.

ఇన్వర్షన్ల అసలు ప్రయోజనం ఒక కార్డ్ నుంచి మరో కార్డ్‌కు వెళ్లేటప్పుడు బయటపడుతుంది. సి, ఎఫ్, జి, మళ్లీ సి అనే అతి పరిచితమైన వరుసను ప్రతిసారీ ఒకే ఆకారంతో వాయిస్తే చేయి ఫ్రెట్‌బోర్డుపై అటూ ఇటూ గెంతుతుంది, వినేవారికీ స్వరాలన్నీ మూకుమ్మడిగా గెంతినట్టే ఉంటుంది. అదే 3-2-1 జట్టుపై సి ని 5-5-3 దగ్గర మొదలుపెట్టి, ఎఫ్‌ను 5-6-5 దగ్గర రెండో ఇన్వర్షన్‌గా, జి ని 4-3-3 దగ్గర మొదటి ఇన్వర్షన్‌గా వాయించి 5-5-3కు తిరిగి వస్తే చేయి ఉన్నచోటనే ఉంటుంది. మొదటి మార్పులో మూడో తీగపై సి కదలదు, రెండో తీగపై ఇ ఒక్క ఫ్రెట్ జరిగి ఎఫ్ అవుతుంది, ఒకటో తీగపై జి రెండు ఫ్రెట్లు జరిగి ఎ అవుతుంది. చివరి మార్పులో బి ఒక ఫ్రెట్ పైకెక్కి సి లో కలుస్తుంది, డి రెండు ఫ్రెట్లు పైకెక్కి ఇ లో కలుస్తుంది, జి నిలిచిపోతుంది. ఒక్కో తీగను ఒక్కో గాయకుడిగా ఊహించుకుంటే, ముగ్గురూ తమతమ చిన్న బాణీలను పాడుకుంటూనే కలిసికట్టుగా నడుస్తున్నట్టు ఉంటుంది. స్వరాలను ఇలా నడిపించే విద్యనే వాయిస్ లీడింగ్ అంటారు. అడుగు స్వరానికీ ఇలాంటి నడక ఇవ్వవచ్చు. జి మేజర్ నుంచి ఇ మైనర్‌కు వెళ్లే దారిలో డి మేజర్‌ను ఎఫ్ షార్ప్ అడుగున వచ్చేలా వాయిస్తే ఆరో తీగపై 3, 2, 0 అని మెట్లు దిగినట్టు వినిపించడం దీనికి చక్కని ఉదాహరణ.

నాలుగు స్వరాల సెవెన్త్ కార్డ్‌ల దగ్గరకు వచ్చేసరికి లెక్క మొండికేస్తుంది. సి మేజర్ సెవెన్త్‌లోని సి-ఇ-జి-బి స్వరాల్లో ఇ ని అడుగుకు తెచ్చి ఇ-జి-బి-సి అని పక్కపక్కనే పేర్చాలంటే ఐదో తీగ నుంచి రెండో తీగ వరకు 7-5-4-1 ఫ్రెట్లను ఒకేసారి పట్టుకోవాలి, అది మామూలు చేతికి అందే పని కాదు. అందుకే గిటార్ వాదకులు పై నుంచి రెండో స్వరాన్ని ఒక స్థాయి కిందికి దించే డ్రాప్ 2 అనే ఉపాయాన్ని ఆశ్రయిస్తారు. సి-ఇ-జి-బి లోని జి ని అలా దించితే జి-సి-ఇ-బి అవుతుంది, అది నాలుగో తీగ నుంచి 5-5-5-7 దగ్గర తేలికగా కుదురుతుంది. జాజ్ గిటార్‌లో వినిపించే విశాలమైన కార్డ్‌లలో చాలాభాగం ఈ ఉపాయం చలవే.

ఇన్ని లెక్కలు వేసుకున్న గిటార్ వాదకుడు బృందంలో చేరిన రోజున ఒక సంగతి గమనించక తప్పదు. అక్కడ అడుగు స్వరం బేస్ గిటార్‌దో కీబోర్డు ఎడమచేతిదో గాని అతనిది కాదు. బేస్ సి ని పట్టుకున్నంతసేపు గిటార్‌పై 9-8-8 వాయించినా వినేవారికి చేరేది రూట్ పొజిషనే. అప్పుడు అతని చేతిలోని ఇన్వర్షన్ పైన ఏ స్వరం మెరవాలన్నదాన్ని, గాయకుడి గొంతుకు ఎంత చోటు వదలాలన్నదాన్ని మాత్రమే తేలుస్తుంది. కౌంట్ బేసీ జాజ్ బృందంలో 1937 నుంచి 1987లో కన్నుమూసే వరకు గిటార్ వాయించిన ఫ్రెడ్డీ గ్రీన్ అడుగు స్వరాన్ని బేస్ వాద్యానికి విడిచిపెట్టి, రెండు మూడు స్వరాలకు మించని చిన్న చిన్న కార్డ్‌లను లయకు అనుగుణంగా జరుపుతూ పోయేవాడు. ఆ బృందపు రికార్డింగులలో ఆయన గిటార్‌ను విడిగా పట్టుకోవాలంటే చెవిని కొంతసేపు డ్రమ్స్‌కూ బేస్‌కూ మధ్య నిలిపి ఉంచాలి.